రోలండ్ అల్ఫాన్సో బాణీకి టెనర్ కావాలంటే: కర్నూలు వన్‌టౌన్ బ్యాండు దుకాణం, దాని మరమ్మతు

కర్నూలులో శాక్సఫోన్ అంటే ఆల్టోనే. పెళ్ళి మెరవణిలోనైనా, గుడి ఉత్సవంలోనైనా, కచేరీ వేదిక మీదైనా కనిపించేది అదే. కద్రి గోపాల్‌నాథ్ గారు ఆల్టో మీద కర్ణాటక సంగీతం పలికించాక దక్షిణాదిలో ఆ వాద్యానికి దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. దానికంటే పెద్దదై, కింది స్థాయిలో పలికే టెనర్ శాక్సఫోన్‌కి మాత్రం అందులో వాటా రాలేదు. బ్యాండు మేళాల్లో ఒకటీ అరా ఉన్నా వెనక వరసలో నిలబడి బరువు మోయడానికే. కాబట్టి జమైకా వాళ్ళ డాన్సు సంగీతాలైన స్కా, రెగే వాయించాలని టెనర్ కోసం వెతికేవాళ్ళకి మన జిల్లాల్లో గడపలు తక్కువ. కర్నూలు వన్‌టౌన్‌లో బ్యాండు సామాను అమ్ముతూ బాగుచేస్తూ ఉండే ఒక చిన్న దుకాణం ఆ కొద్దింటిలో ఒకటి. ముందు గదిలో డ్రమ్ములు, తాషాలు, గోడకి క్లారినెట్లు. వాటి వెనక రెండు మూడు టెనర్లు. అసలు పని జరిగేది లోపలి గదిలో.

ఈ సమీక్షకి కొలబద్ద ఒక్కటే. జమైకా టెనర్ వాద్యకారుడు రోలండ్ అల్ఫాన్సో వాయించిన తరహా బాణీ ఇక్కడ కొన్న టెనర్ మీద, లేదా ఇక్కడ బాగుచేయించిన టెనర్ మీద, పలుకుతుందా లేదా? సినిమా పాటలకి, స్వరజతులకి ఇదే కొలత పనికిరాదు.

అల్ఫాన్సోనే ఎందుకంటే, ఆయన కథ మన బ్యాండు మనుషుల కథకి చాలా దగ్గర. పుట్టింది క్యూబా రాజధాని హవానాలో, 1931 జనవరి 12న. రెండేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడే జమైకా మనిషైన తల్లి స్వదేశానికి తీసుకొచ్చేసింది. శాక్సఫోన్ పట్టింది స్టోనీ హిల్ ఇండస్ట్రియల్ స్కూల్లో. సంగీత కళాశాల కాదది. అబ్బాయిలకి చేతిపని నేర్పి పంపే బడి. 1948లో బడి వదిలి ఎరిక్ డీన్స్ ఆర్కెస్ట్రాలో చేరి, టూరిస్టుల హోటళ్ళలో డాన్సు పాటలు వాయించాడు. 1952లో స్టాన్లీ మోటా అనే నిర్మాత దగ్గర మొదటిసారి రికార్డు చేశాడు. 1950ల నడుమ నుంచి ఇంకో నిర్మాత క్లెమెంట్ కాక్సన్ డాడ్ దగ్గర స్టూడియో పని. ఒక్క డాడ్‌కే కాదు, డ్యూక్ రీడ్ లాంటి పోటీ నిర్మాతలకీ వాయించాడు. పొద్దున ఒకరి పాట, సాయంత్రం ఇంకొకరిది. మన దగ్గర ఒకే క్లారినెట్ మనిషి ఒకే ముహూర్తాన రెండు మేళాలకి అడ్వాన్సు పుచ్చుకోవడం తెలిసినవాళ్ళకి ఇదేమీ వింతగా తోచదు.

అలాంటి పనికి వాద్యం నుంచి కావలసింది అందం కాదు, నమ్మకం. ఊదిన ప్రతిసారీ పలకాలి. దుకాణంలో చూడాల్సిందీ అదే.

సరుకు రెండు రకాలు. కొత్తవి మీరట్ నుంచి వస్తాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊరు మన దేశంలో బ్యాండు వాద్యాల తయారీకి పెట్టింది పేరు. పాతవి రెండో రకం: మేళాలు వదిలించుకున్నవి, అప్పుడప్పుడు ఎవరో బయటి దేశం నుంచి తెచ్చి అమ్మేసిన స్టూడెంట్ మోడళ్ళు. కొత్త మీరట్ టెనర్‌కి పెట్టెతో కలిపి 28,000 చెప్పి, బేరమాడితే 25,000 దగ్గర ఆగుతున్నారు. పాతదాని ధర ముఖం చూసి చెప్తారు, అది మామూలే.

కొత్తదాని గురించి ముందే చెప్పాల్సిన మాట: మెరుపు చూసి మోసపోకండి. గొట్టం బాగానే ఉంటుంది, బెల్ (కొసన గరాటులా తెరుచుకునే భాగం) గుండ్రంగా ఉంటుంది, పైన లక్కర్ పూత అద్దంలా ఉంటుంది. లోపం కీలలో. ఇత్తడి మెత్తన. కుడిచేతి పక్క కీలని బొటనవేలితో కాస్త గట్టిగా నొక్కితే వంగుతున్నట్టు వేలికే తెలుస్తుంది. పెట్టెలో ఒత్తిడి పడ్డా, మెరవణిలో ఎవరి మోచెయ్యి తగిలినా కీ పక్కకి తిరిగి, దాని కింద రంధ్రాన్ని మూసే తోలు ప్యాడ్ అంచు మీద సరిగ్గా కూర్చోదు. గాలి కారుతుంది. టెనర్‌లో పై ప్యాడ్ ఒక్కటి వెంట్రుక మందం కారినా, దానికంటే కింద ఉన్న స్వరాలన్నీ బిగుసుకుపోతాయి. కొత్తగా నేర్చుకునేవాడు తన ఊపిరిలో దమ్ము లేదనుకుని ఇంకా గట్టిగా ఊదుతాడు. దమ్ముకేం కాలేదు, కారేది ప్యాడ్.

కొనేముందు దుకాణంలోనే, మొహమాటపడకుండా, చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. యజమాని ఏమీ అనుకోడు; బ్యాండు మాస్టర్లు ఇంతకంటే ఎక్కువ సతాయిస్తారు.

మొదటిది నెక్ (మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం) మీది, స్వరాన్ని పై స్థాయికి తీసుకెళ్ళే ఆక్టేవ్ కీ. ఎడమచేతి మూడు వేళ్ళతో జీ స్వరం పట్టుకుని, బొటనవేలితో ఆక్టేవ్ కీని నొక్కుతూ వదులుతూ ఉండండి. నెక్ మీది చిన్న కీ కదలకూడదు, దాని బుల్లి ప్యాడ్ లేవకూడదు. ఇప్పుడు జీ బదులు ‘ఏ’ స్వరం పట్టుకుని నొక్కితే అది లేవాలి. జీకి కూడా లేస్తోందంటే ఆ కీ వంగిందన్నమాట. నెక్‌ని బిగించేటప్పుడు కీ మీదే అరచెయ్యి వేసి తిప్పడం వల్ల వచ్చే జబ్బు ఇది. ఈ దుకాణంలో వేలాడే పాత టెనర్లలో సగానికి ఉంది. ఆ జబ్బుతో మధ్య జీ ఉన్నట్టుండి పై స్థాయికి ఎగిరి కీచుమంటుంది. బాగుచేయడం తేలికే. కీకీ నెక్‌కీ నడుమ మెత్తటి గుడ్డ పెట్టి, రింగుని రవ్వంత వెనక్కి వంచుతారు. రెండు నిమిషాల పని. ఇదొక్కటే ఉంటే దాన్ని చూపించి ధర తగ్గించమనండి గానీ వాద్యాన్ని వదులుకోకండి.

రెండోది జీ షార్ప్. కుడిచేత్తో ఎఫ్ పట్టుకుని ఊదుతూ, ఎడమ చిటికెన వేలితో జీ షార్ప్ లీవర్‌ని నొక్కండి. స్వరంలో తేడా రాకూడదు. వస్తే, జీ షార్ప్ కప్పు మీదుండే చిన్న సర్దుబాటు స్క్రూ వదులైంది. ఆ తర్వాత అసలు జీ షార్ప్ వాయించి చూడండి. వేలు నొక్కినా ప్యాడ్ లేవకుండా అంటుకుని ఉందా? ఉంటే ఆశ్చర్యం లేదు. మామూలుగా మూసి ఉండి, బలహీనమైన స్ప్రింగు మీద తెరుచుకునే ప్యాడ్ అది. టీ తాగి, సోడా తాగి ఊదినప్పుడు లోపలికి దిగే తీపి తడికి మెరవణిలో చల్లే రంగుపొడి తోడైతే బంకలా పట్టేస్తుంది. పలుచటి కాగితం ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, ప్యాడ్ కింద పెట్టి, నెమ్మదిగా మూసి తెరవాలి. కాగితం మీద గోధుమ రంగు గీత పడుతుంది. మూడు నాలుగు కాగితాలకి గీత రావడం ఆగిపోతుంది. నొక్కి ఉంచి లాగకండి, తోలు చిరుగుతుంది. పౌడరు చల్లడం అసలొద్దు. రెండు రోజులు బాగుండి మూడోరోజు పేస్టులా గట్టిపడుతుంది.

మూడోది దీపం. చిన్న ఎల్‌ఈడీ లైటు తీగని బెల్‌లోంచి లోపలికి వదిలి, గది చీకటి చేసి, కీలు మెల్లగా మూయాలి. దుకాణంలో లైటు తీగ ఉంది; అడిగితే లోపలి గదిలో షట్టరు సగం దించి చూపిస్తారు. ఈ ఒక్క పని కోసమైనా ఈ చోటికి రావచ్చు. సగం మూసిన కీ కింద వెలుగు ఉంగరంలా కనిపించి, వేలు ఇంకాస్త ఒత్తగానే ఒక్కసారిగా చుట్టూ ఆరిపోవాలి. ఒక పక్క ఆరి ఇంకో పక్క నెలవంకలా మిగిలిందంటే ఆ ప్యాడ్ వంకరగా కూర్చుంది. వెలుగు కీ ముందువైపు మిగిలితే ప్యాడ్ మందం ఎక్కువ, ఇరుసు వైపు ముందే తగులుతోంది. ఇరుసు వైపు మిగిలితే మందం తక్కువ. ఈ తేడా తెలిస్తే మరమ్మతు మనిషితో మాట్లాడే తీరే మారిపోతుంది. ‘బాలేదు, చూడన్నా’ అనడం వేరు, ‘ఎఫ్ షార్ప్ ప్యాడ్ ముందు కారుతోంది, పలుచది వెయ్యన్నా’ అనడం వేరు.

తర్వాత ఫోన్లో ట్యూనర్ పెట్టి మధ్య స్థాయి, పై స్థాయి జీలని, డీలని నిలకడగా ఊది చూడండి. పది పదిహేను సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) అటూ ఇటూ పెదవితో సర్దుకోవచ్చు. పాతిక దాటి ఒకే స్వరం మొండికేస్తే ఆ వాద్యాన్ని గోడకే తగిలించండి. కొత్త మీరట్ టెనర్లలో పై డీ హెచ్చుగా పలకడం ఎక్కువ. రెండు మూడు వాద్యాలు పోల్చి, అది అన్నిటికంటే తక్కువున్నది తీసుకోండి. ఒకే చోట తయారైన రెండు టెనర్లు ఒకేలా ఉండవు.

చివరగా అన్నిటికంటే కింది స్వరమైన బీ ఫ్లాట్‌ని గట్టిగా కాదు, మెల్లగా ఊదండి. గట్టిగా ఊదితే కారే వాద్యం కూడా ఎలాగో మూలుగుతుంది. మెల్లగా ఊదినప్పుడు గుడగుడమనకుండా వచ్చిందంటే పైనుంచి కిందిదాకా ప్యాడ్లన్నీ మూసుకుంటున్నట్టే.

ఇన్ని పరీక్షలు పెట్టినా అల్ఫాన్సో బాణీకి వీటిలో ముఖ్యమైనది మధ్య స్థాయి. ఎందుకో చెప్పాలంటే లయ దగ్గరికి రావాలి.

స్కా పుట్టింది 1950ల చివర్లో, 1960ల మొదట్లో. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల ఊపు ఆ పాటల్లో వినిపిస్తుంది. అమెరికా రిథమ్ అండ్ బ్లూస్‌ని వీధిలో పెద్ద స్పీకర్లు పెట్టి వినిపించే సౌండ్ సిస్టమ్‌ల వాళ్ళు, ఆ రికార్డులు చాలక సొంత పాటలు చేయించుకున్నారు. డాడ్, రీడ్ ఇద్దరూ ఆ సౌండ్ సిస్టమ్ వ్యాపారం నుంచి వచ్చినవాళ్ళే. లయని మన లెక్కలో చెప్పుకుందాం. చతురశ్రంలో ఒక్కో దెబ్బకి ‘త క ది మి’ అనుకుంటే, ‘త’ దగ్గర కాలు నేలని తాకుతుంది, గిటారూ పియానోనూ ప్రతి ‘ది’ దగ్గర పొట్టిగా తెగ్గొట్టినట్టు పలుకుతాయి. నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ డ్రమ్ము బరువుగా వేస్తుంది. ఈ ‘ది’ల మధ్య సందులో టెనర్, ట్రంపెట్, ట్రోంబోన్ కలిసి ఒకే రాగపు పల్లవి ఎత్తుకుంటాయి, ఆ తర్వాత ఒక్కొక్కరుగా ముందుకొచ్చి విడిగా వాయించి, మళ్ళీ పల్లవిలో కలుస్తారు. ట్రంపెట్ పైన, ట్రోంబోన్ కింద. మధ్య చోటు టెనర్‌ది. మధ్య జీ నుంచి పై డీ దాకా చురుగ్గా, ఒక్కో స్వరం తెగి తెగి పలకని టెనర్ ఈ సంగీతానికి దండగ.

1964లో ఆ స్టూడియోల వాయిద్యగాళ్ళు కలిసి స్కాటలైట్స్ అనే బృందమయ్యారు. పేరు పెట్టింది టామీ మెకుక్, అంతరిక్షంలో శాటిలైట్లు తిరుగుతున్న కాలం కదా, ఆ మాట మీద విరుపు. మెకుక్ కూడా టెనర్ మనిషే, ఆయనా హవానాలోనే పుట్టాడు, 1927లో. కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాయ్స్ స్కూల్ బ్యాండులో నేర్చుకున్నాడు. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అనే క్రైస్తవ సన్యాసిని ఆ బడి సంగీతానికి పెద్దదిక్కు. ట్రోంబోన్ డాన్ డ్రమండ్, ఆల్టో లెస్టర్ స్టెర్లింగ్ కూడా అక్కడివాళ్ళే. ఒకే బృందంలో ఇద్దరు టెనర్లు, ఇద్దరివీ రెండు దారులు. మెకుక్‌ది జాజ్ బుర్ర, అమెరికా జాజ్ శాక్సఫోన్ మనిషి జాన్ కోల్‌ట్రేన్ ప్రభావం. స్వరాల్ని నిదానంగా, చల్లగా పేరుస్తాడు. అల్ఫాన్సోది వెచ్చటి నాదం, స్వరం చివర వణుకు, డాన్సు ఆడేవాళ్ళ కాళ్ళని చూస్తూ వాయించిన తీరు. కొత్తవాళ్ళు ఇద్దరినీ ఒకటే అనుకుంటారు. పక్కపక్కన పెట్టి నాలుగుసార్లు వింటే ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

ఈ బృందం ఎక్కువ కాలం నిలవలేదు. 1965 జనవరిలో డ్రమండ్ హత్య కేసులో అరెస్టయ్యాడు, ఆగస్టుకల్లా బృందం విడిపోయింది. అంతలోనే ఎంత పని చేసిందంటే, బాబ్ మార్లే కుర్రవాడిగా వైలర్స్‌తో పాడిన మొదటి పెద్ద హిట్ ‘సిమ్మర్ డౌన్’ వెనక వాయించింది వీళ్ళే. 1967లో వీళ్ళ ‘గన్స్ ఆఫ్ నవరోన్’ బ్రిటన్ టాప్ 40లో చేరేసరికి బృందమే లేదు.

అల్ఫాన్సో మాత్రం ఆగలేదు. డాడ్ స్టూడియోలో స్కాటలైట్స్ కీబోర్డు మనిషి జాకీ మిటూతో కలిసి సోల్ బ్రదర్స్ బృందం కట్టాడు. అదే తర్వాత సోల్ వెండర్స్ అయింది, 1967లో ఇంగ్లండులో పర్యటించింది. 1966లో వచ్చిన ‘ఫీనిక్స్ సిటీ’ ఆయన పేరు మోసిన బాణీ. టెనర్ నేర్చేవాళ్ళు మొదట పట్టాల్సింది కూడా అదే, ఎందుకంటే అందులో వేళ్ళ వేగం కంటే నాలుక పని ఎక్కువ.

ఆ నాలుక పని దగ్గరే దుకాణం ఇచ్చే మౌత్‌పీస్ చేతులెత్తేస్తుంది. ఇక్కడ మా తీర్పులో మెత్తదనం లేదు: కొత్త టెనర్‌తో వచ్చే ప్లాస్టిక్ మౌత్‌పీస్‌ని పెట్టెలోనే ఉంచండి. రీడు, అంటే ఊదితే కదిలే పలుచటి పుల్ల, ఆనే తలం రెండు పక్కలా సమంగా ఉండదు. పరీక్ష తేలిక. తడిపిన రీడుని బిగించి, వెనక కన్నాన్ని అరచేత్తో మూసి, లోపలి గాలి పీల్చి నోరు తీసేయండి. రీడు రెండు మూడు క్షణాలు అంటుకుని ఉండి ‘టప్’మని విడవాలి. దుకాణం మౌత్‌పీస్‌తో నోరు తీయకముందే విడిపోతుంది. అలాంటిదాని మీద ‘తు’ అని కొట్టే పొట్టి స్వరాలు ఒకటి పలికి ఒకటి ఎగిరిపోతాయి. మొదలుపెట్టేవాళ్ళకి యమహా 4సీ చాలు. ఏడాది సాధన అయ్యాక కొంచెం తెరిపి (రీడుకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య ఖాళీ) ఎక్కువున్నది, ఒట్టో లింక్ కంపెనీ కొలతల్లో 6 లేదా 7 స్టార్, తీసుకోవచ్చు. 7 స్టార్ అంటే కొస తెరిపి 0.105 అంగుళం. మొదటిరోజే దాన్ని కొని, పెదవి ఆగక, శ్రుతి జారి, విసుగొచ్చి వాద్యం అమ్మేసినవాళ్ళు ఉన్నారు. ఇవేవీ ఈ దుకాణంలో దొరకవు, తెప్పించుకోవాలి. రీడ్లు ఉంటాయి గానీ విడిగా, డబ్బా లేకుండా, గాజు సీసాలో నిలబెట్టి ఉంటాయి. కొసలు చితికినవే ఎక్కువ. రెండున్నర నంబరు రీడ్లు డబ్బాగా తెప్పించుకోవడం మేలు.

ఇక మరమ్మతు. ఈ దుకాణానికి పేరు రావాల్సింది అమ్మకంలో కాదు, ఇందులో.

లోపలి గదిలో ప్యాడ్ వేసే పద్ధతి చూడదగ్గది. పాత ప్యాడ్ కప్పుని మరమ్మతు మనిషి స్పిరిటు దీపం మీద రెండు మూడు క్షణాలు ఆడిస్తాడు. లక్కర్ మాడకుండా మంట కప్పు వీపు మీదే తగలాలి. లోపలి లక్క కరిగి ప్యాడ్ ఊడి వస్తుంది. గిన్నెని గుడ్డతో తుడిచి, కొత్త లక్క కడ్డీని వేడి కప్పుకి తాకిస్తే తేనెలా పరుచుకుంటుంది. కొత్త ప్యాడ్ అందులో కూర్చోబెట్టి, కీ బిగించి, మళ్ళీ కాస్త వేడి చూపించి, పలుచటి ఇత్తడి రేకుని ప్యాడ్‌కీ రంధ్రపు అంచుకీ నడుమ దూర్చి, ఎటు పక్క దిగాలో అటు వాల్చుతాడు. తర్వాత దీపం పరీక్ష, దానిమీద కాగితం పరీక్ష: సిగరెట్ కాగితాన్ని సన్నగా కత్తిరించి ప్యాడ్ కింద నాలుగు దిక్కులా పెట్టి లాగితే నాలుగు చోట్లా ఒకే బిగువు తెలియాలి. ఓపిక కావలసిన పని. ఒక పెద్ద ప్యాడ్‌కి పావుగంట పడుతుంది.

అయితే ఇదంతా అడిగినవాళ్ళకే. అడక్కపోతే సీజన్లో గ్లూ గన్ జిగురుతో అంటించి పంపిస్తారు, అది త్వరగా అవుతుంది కాబట్టి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ఆపిన వ్యాన్‌లో పెట్టెని వదిలేస్తే ఆ జిగురు మెత్తబడి ప్యాడ్లు జరుగుతాయి. లక్కతో వేసినవి కూడా వ్యాన్‌లో వదలాల్సినవి కావు గానీ, త్వరగా జరగవు. వాద్యం ఇచ్చేటప్పుడే ‘లక్కతోనే వెయ్యాలి’ అని చీటీ మీద రాయించుకోండి. రెండో లోపం, ప్యాడ్ల మందం. ఉన్న మందంతోనే అన్నీ సర్దేస్తారు. పలుచటివి అయిపోతే మందంవి వేసి, కీని వంచి కూర్చోబెడతారు. ఆ వంపు ఆ రోజుకి కారకుండా ఆపుతుంది, నెల తిరిగేసరికి మళ్ళీ నెలవంక కనిపిస్తుంది. ప్యాడ్ సెట్ మీరే తెప్పించి ఇస్తే ఈ బాధ లేదు, కూలీ మాత్రమే తీసుకుంటారు.

సొట్టలు తీయడంలో చెయ్యి మంచిది. బెల్ మీది సొట్ట తీశాక గొట్టం మీద చారలు కూడా కనపడవు. నెక్ కార్క్ (మౌత్‌పీస్ బిగిసే బెండు) మార్చడం పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. సూది స్ప్రింగులు మాత్రం తుప్పు పట్టినవి పట్టినట్టే వదిలేస్తారు, విరిగాకే మారుస్తారు. మీరే చెప్పి మార్పించుకోవాలి. వాయిస్తుండగా విరిగితే ఆ కీ ఇక లేవదు, రబ్బరు బ్యాండు కట్టుకుని ఇంటికి రావడమే.

ఇచ్చే కాలం చూసుకుని ఇవ్వండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాల్లో ఇస్తే మూడు వారాలకి గానీ చేతికి రాదు, వచ్చినా తొందర పనే. మూఢం రాగానే మేళాలవాళ్ళంతా ఒకేసారి వాద్యాలు తెచ్చి పడేస్తారు, మొదటి వారం కిటకిట. మూఢం రెండో వారంలో ఇస్తే తీరిగ్గా, లక్కతో, దీపం పెట్టి చేస్తారు.

ఇంటి దగ్గర చేసుకోవాల్సింది కొంత. రాడ్ల కీళ్ళలో రెండు మూడు నెలలకోసారి కుట్టుమిషన్ నూనె, సూది కొసతో ఒక్కో చుక్క. కార్క్‌కి కొబ్బరినూనె వద్దు, కార్క్ గ్రీజే. వాయించాక గుడ్డ లాగి తడి తీయాలి. మన గాలి పొడిగా ఉంటుంది, దానంతటదే ఆరుతుందిలే అనుకుంటే ప్యాడ్ తోలు బిరుసెక్కి పగుళ్ళిస్తుంది. రీడుకి ఆ పొడిగాలే శత్రువు. రెండు నిమిషాలు నీళ్ళలో తడపకుండా బిగిస్తే కొస అలలుగా లేచి కీచుమంటుంది. ఎండాకాలం గాలి వేడెక్కి శ్రుతి పైకి పోతుంది, మౌత్‌పీస్‌ని కార్క్ మీద రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి లాగి సరిచేసుకోవాలి. కీబోర్డు మనిషితో కలిసేటప్పుడు ఇంకో చిక్కు: టెనర్ మీద ‘సీ’ పట్టుకుంటే పలికేది బీ ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. ఆల్టో అయితే అదే పట్టుకి ఈ ఫ్లాట్, రెండున్నర. ఆల్టో నుంచి టెనర్‌కి మారే బ్యాండువాళ్ళు మొదటి వారమంతా తప్పేది ఇక్కడే.

సాధనకి మెట్రోనోమ్‌ని నిమిషానికి 120కి పెట్టి, టక్కు దగ్గర కాకుండా రెండు టక్కుల సరిగ్గా మధ్యన, ‘ది’ దగ్గర, ఒక్క జీ స్వరాన్ని పొట్టిగా కొట్టండి. పది నిమిషాలు. మన చెయ్యి, కాలు దెబ్బ మీద పడటానికే అలవాటు పడ్డాయి, ముఖ్యంగా తాషా పక్కన ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళకి. మొదట్లో ప్రతి మూడో స్వరం దెబ్బ మీదకి జారుతుంది. అది నిలిచాక వేగం తగ్గించి రెగేకి వెళ్ళొచ్చు. 1966 తర్వాత జమైకా కూడా అదే చేసింది, స్కా నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968 నాటికి రెగే. అక్కడ శాక్సఫోన్ తక్కువ మాట్లాడుతుంది. నిలబెట్టిన స్వరాలు, మధ్యలో ఖాళీ. ఖాళీ వదలడం నేర్చుకోవడానికి డాడ్ స్టూడియో అయిన ‘స్టూడియో వన్’ పాత రికార్డులకి మించిన గురువు లేదు.

అల్ఫాన్సోకి 1970ల మొదట్లో పక్షవాతం వచ్చినా మళ్ళీ వాద్యం పట్టాడు. 1977లో జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ డిస్టింక్షన్ పురస్కారం ఇచ్చింది. 1983లో స్కాటలైట్స్ మళ్ళీ కలిశాక ఆ బృందంతోనే దేశాలు తిరిగాడు. 1998 మేలో మెకుక్ పోయాడు. అదే ఏడు నవంబరులో అమెరికాలో వేదిక మీద వాయిస్తూ అల్ఫాన్సో కుప్పకూలి, 20న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. వయసు 67.

కొనుగోలు సంగతికొస్తే మా ఓటు పాతదానికే. గట్టి కీలున్న పాత స్టూడెంట్ మోడల్ దొరికి, పై పరీక్షల్లో గొట్టమూ శ్రుతీ నిలిస్తే, ప్యాడ్లన్నీ పోయినా పర్వాలేదు; ప్యాడ్ సెట్ తెప్పించి ఈ దుకాణంలోనే లక్కతో వేయించుకోండి. కొత్త మీరట్ టెనర్ కంటే అది పదేళ్ళు ఎక్కువ మన్నుతుంది. అలాంటిది దొరక్కపోతే కొత్తదే తీసుకుని, ఇంటికి పట్టుకెళ్ళకముందే దీపం కింద ఒకసారి సరిచేయించి తీసుకెళ్ళండి; అడిగితే ఆ పనికి విడిగా డబ్బు తీసుకోరు. వెళ్ళేటప్పుడు మీ మౌత్‌పీస్, తడిపిన రీడు వెంట ఉండాలి, దుకాణంవాటితో ఏ వాద్యమూ సరిగ్గా తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ షట్టరు దించి ఉంటుంది, మూడు దాటాక వెళ్ళండి.